చివరి నలభై వరసలు

మూడో అంతస్తు గది
4, మంగళవారం

“నా దగ్గర రావడం లేదు” అని నాలుగు మాటలు రాసి నా ఫిర్యాదు మూసేశారు. నేను రాసింది నాలుగు పేజీలు. పేజీకో మాట చొప్పున జవాబిచ్చారన్నమాట.

ఎనిమిది నెలల కిందటి సంగతి, మర్చిపోయి ఉంటారు, గుర్తు చేస్తాను. నలుగురూ కలిసి ఉచితంగా తయారుచేసుకునే మన ఎడిటర్ ప్రోగ్రాంలో ఫైళ్ళు దిద్దుకుంటూనే పక్క కిటికీలో కమాండ్లు కొట్టుకోవడానికి ఒక షెల్ ఉంది. అది రాసింది మీరు. ఇరవై ఏళ్ళుగా దాని మంచిచెడ్డలు చూస్తున్నది మీరు. ఎవరు సవరణ పంపినా లోపలికి రానిచ్చేదీ గుమ్మంలోనే ఆపేదీ మీరే. ఆ షెల్లోంచి ఎక్కడో దూరాన ఉన్న మెషీన్ మీద ఒక ప్రోగ్రాం నడిపి, అది చెప్పేదంతా తెర మీదికి కాకుండా నా ఫైల్లోకి మళ్ళించమంటే, చివరి వరసలు ఫైల్లో పడటం లేదు. లైను నెమ్మదిగా ఉన్నప్పుడు మాత్రమే ఇలా అవుతోంది. పోయాయని ఒక్క ముక్క చెప్పదు. ఎంతో బుద్ధిమంతురాలిలా “అయిపోయింది” అని ఊరుకుంటుంది. ఇదీ నేను రాసింది. తొంభై ఆరు వరసల నమూనా ఫైలు జత చేశాను. ఎన్ని వచ్చాయో, ఎన్ని రాలేదో లెక్కపెట్టి మరీ రాశాను. అడక్కుండానే పదకొండు వరసల సవరణ కూడా పంపాను.

దానికి మీరిచ్చిన మర్యాద ఆ నాలుగు మాటలు. వేరేవాళ్ళు రాసిన ఫిర్యాదులకి పేరాలకి పేరాలు రాశారు, నేను చదివాను. “ఫలానా చోట చూడండి, ఫలానా వివరం పంపండి” అని బతిమాలారు కూడా. నాకు చదువు లేదనా? డిప్లొమా లేనిమాట నిజమే. మీరు రాసిన కోడు చదివే నేర్చుకున్నాను, ఇంకెవరూ నేర్పలేదు. అది తప్పుగా నేర్చుకుని ఉంటే ఆ తప్పూ మీదే.

నలుగురూ చదివే చర్చా పేజీలో సొంత బాబాయిని తిడితే బాగుండదని కాగితం మీద రాస్తున్నాను. ఫోన్లో అయితే మీరు నవ్వేసి పిన్నికి ఇచ్చేస్తారు.

నా ఫిర్యాదు మళ్ళీ తెరవాలి. నా సవరణ పెట్టి నడిపి చూడాలి. ఎందుకు పక్కన పడేశారో కారణం రాయాలి. వచ్చే సోమవారానికి నా చేతిలో జవాబు ఉండాలి.

మీ అన్నగారి అమ్మాయి


కుట్టు దుకాణం వెనక గది
7, శుక్రవారం

కందిరీగా,

నన్ను “మీరు” అన్నావు. నీ చిన్నప్పుడు నేను నీ సైకిల్ తీసుకెళ్ళి చక్రం వంకర చేసుకొచ్చినప్పుడు కూడా “నువ్వు మనిషివేనా” అన్నావు గాని ఇలా అనలేదు. ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి మీ పిన్ని వెనక నిలబడి చదివింది. “పిల్లకి మీ అన్న గొంతు, మీ అమ్మ చూపు వచ్చాయి” అంది. మెచ్చుకోలో కాదో నేను అడగలేదు.

సరే, కారణం అడిగావు గనక చెబుతాను. నాకో పద్ధతి ఉంది. సవరణ పంపేవాళ్ళు ముందు ఓడిపోయే పరీక్ష ఒకటి పంపాలి. సవరణ లేకుండా నడిపితే ఆ పరీక్ష ఓడిపోవాలి, సవరణ పెట్టాక నెగ్గాలి. అప్పుడే జబ్బు ఉందని, మందు పనిచేసిందని నేను నమ్ముతాను. నీ సవరణతో పరీక్ష రాలేదు. అయినా సరే, మా ఇంటిపిల్ల పంపింది కదా అని నీ నమూనా ఫైలే తీసుకుని, దూరపు మెషీన్ మీద పెట్టి, యాభైసార్లు నడిపాను. యాభైసార్లూ తొంభై ఆరు వరసలూ వచ్చాయి. రాని తప్పుని వచ్చిందని ఎలా రాయను? మాటలు పొదుపుగా వాడాను, ఒప్పుకుంటాను. నీకు నేను బాబాయినని పేజీలో అందరికీ తెలుసు. నీకు పేరా రాస్తే పక్షపాతం అంటారేమోనని వెనకాడాను.

ఇక నీ సవరణ. దూరపు ప్రోగ్రాం ముగిసిందని కబురు రాగానే ఫైలు మూసెయ్యకుండా అర సెకను ఆగమన్నావు. ఎందుకమ్మా అర సెకను? ముప్పావు ఎందుకు కాదు, పావు ఎందుకు కాదు? నీ లైనుకి అర సెకను సరిపోయింది. ఇంకో చోట ఇంకో లైనుకి? నీది మందు కాదు, అంచనా. అంచనాని నేను షెల్లోకి రానివ్వలేను.

ఓడిపోయే పరీక్ష పంపు. అప్పుడు చూద్దాం.

నీ పని ఎలా ఉంది? నీళ్ళ ఆఫీసులో ఇప్పుడైనా సరైన కుర్చీ ఇచ్చారా?

బాబాయి


మూడో అంతస్తు గది
11, మంగళవారం

బాబాయి గారికి,

నా పని ఎలా ఉందని అడిగారు. లేదు.

మూడో తారీఖు సోమవారం పదకొండు గంటలకి నా మెషీన్ తాళం, గేటు కార్డు తీసుకుని ఇంటికి పంపేశారు. మీకు మొదటి ఉత్తరం రాసింది ఆ మర్నాడే. అందులో ఈ మాట రాయలేదు, జాలి పడి జవాబు రాస్తారేమోనని. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

మా ఆఫీసు కింద నాలుగు పంపు హౌసులు ఉన్నాయి. నీళ్ళలో క్లోరిన్ ఎంత ఉందో ఒక్కోచోట పావుగంటకోసారి అక్కడి మెషీన్ రాసుకుంటుంది. అంటే రోజుకి తొంభై ఆరు వరసలు. పొద్దున్నే నేను మీ షెల్లోంచి నాలుగు చోట్లకీ వెళ్ళి, ముందు రోజు వరసలన్నీ నా మెషీన్‌లో ఫైళ్ళుగా మళ్ళించుకుని, పై ఆఫీసుకి పంపుతాను. మిగతావాళ్ళు బొమ్మల మీద నొక్కే ప్రోగ్రాంతో గంటన్నర తీసే పని నాకు ఆరు నిమిషాలు. అందుకే ఆ పని నాకిచ్చారు. ఇప్పుడు అందుకే అనుమానం కూడా.

కొండ మీది పంపు హౌసు నుంచి పదకొండు రోజులపాటు యాభై ఆరు వరసలే వెళ్ళాయి. అర్ధరాత్రి నుంచి లెక్కపెడితే యాభై ఆరో వరసతో మధ్యాహ్నం రెండు అవుతుంది. రెండు తర్వాత ఏమీ లేదు. రోజూ సరిగ్గా రెండు నుంచే. ఆ రెండు గంటలకే అక్కడ డ్యూటీ ఎక్కేది మీటరు మామ. నాకు బంధువు కాదు, అందరూ అలాగే పిలుస్తారు. పై ఆఫీసులో ఒకావిడ ఇది పట్టుకుంది. మా ఆఫీసరు వెంటనే కొండ మీదికి మనిషిని పంపాడు. అక్కడి మెషీన్ వారం రోజుల వరసలే దాస్తుంది, ఆ వారానివీ పూర్తిగా తొంభై ఆరు చొప్పున ఉన్నాయి. అంటే అక్కడ ఉన్నవి నా ఫైల్లో లేవు. మధ్యలో ఉన్నది నేనొక్కదాన్నే.

మధ్యాహ్నాలు మీటరు మామ నీళ్ళలో క్లోరిన్ మందు సరిగ్గా కలపడం లేదని, దొరక్కుండా నేను వరసలు కోసేశానని ఆఫీసరు రాసి పైకి పంపాడు. వారం రోజులవి చూస్తే మందు సరిగ్గానే ఉంది కదా అంటే, “ముందు రోజులవి ఏవి?” అన్నాడు. షెల్ తప్పని చెప్పాను. “నువ్వు ఆడే ఆటకి పేరు కూడా ఉందా?” అన్నాడు. మీ పేజీ అచ్చు తీసి చూపించాను, ఇదిగో ఎనిమిది నెలల కిందటే ఫిర్యాదు చేశానని. ఆయన కళ్ళజోడు సర్దుకుని కింద మీ నాలుగు మాటలు పైకి చదివాడు. చదివి కాగితం నాకే ఇచ్చేశాడు.

విచారణ ఇరవై నాలుగున. తేలకపోతే పనిలోంచి తీసేయడమే కాదు, నీళ్ళ లెక్కలు మార్చిన మనిషినని రాస్తారు. ఆ తర్వాత నాకు ఏ ఆఫీసులోనూ కుర్చీ కాదు కదా, చీపురు కూడా ఇవ్వరు. మీరు నా సవరణ ఆ రోజే తీసుకుని ఉంటే ఇదంతా ఉండేది కాదు.

ఒక ప్రశ్న. సూటిగా జవాబు రాయండి. యాభైసార్లు దూరపు మెషీన్ మీద నడిపానన్నారు. ఆ దూరపు మెషీన్ ఎంత దూరంలో ఉంది?

శుక్రవారంలోగా రాయండి. నాకు లెక్కపెట్టుకోవడానికి వారాలు లేవు, రోజులే ఉన్నాయి.


కుట్టు దుకాణం వెనక గది
13, గురువారం

అమ్మడూ,

నువ్వడిగినదానికి ముందు జవాబు. దూరం ఏమీ లేదు. ఆ దూరపు మెషీన్ ఇదే. నా మెషీన్ నుంచి నా మెషీన్‌కే దారి వేసుకుని, దాన్నే దూరం అనుకుని యాభైసార్లు నడిపాను. ఇంట్లో కూర్చుని మన నంబరుకి మనమే ఫోన్ చేసుకుని, అబ్బ ఎంత బాగా వినపడుతోందో అన్నట్టు. నవ్వుతావో తిడతావో నీ ఇష్టం.

ఎందుకలా చేశానో కూడా చెబుతాను. ఇన్‌స్టిట్యూట్‌లో మా విభాగం ఎత్తేశారని రెండేళ్ళ కిందట మీ అందరికీ చెప్పాను. ఎత్తేసినప్పుడు మెషీన్లు కూడా పోయాయని చెప్పలేదు. అంతకు ముందు నా చేతికింద మూడు ఊళ్ళలో పన్నెండు మెషీన్లు ఉండేవి. ఇప్పుడు ఉన్నది ఈ ఒక్కటి. పగలు మీ పిన్ని దుకాణంలో యూనిఫాంల కొలతలు రాసుకుంటాను, ఖాళీ దొరికినప్పుడు షెల్ చూస్తాను. చర్చా పేజీలో ఒక్క మాట అంటే ఎవరో ఒకరు మెషీన్ ఇచ్చేవారే. ఇరవై ఏళ్ళు అందరికీ చెప్పిన నోటితో అడగలేకపోయాను. రెండేళ్ళుగా దూరం గురించి వచ్చిన ప్రతి ఫిర్యాదుకీ ఇదే పరీక్ష, ఇదే జవాబు. నీదొక్కటే కాదు. లెక్క చూసుకున్నాను, నీది కాక ఇంకో ఏడు ఉన్నాయి.

నీ ఉత్తరం మీ పిన్ని పైకి చదివింది. చదివాక నాతో ఒక్క మాటే అంది. “మీ పెద్దరికం తర్వాత. ముందు పిల్ల ఉద్యోగం చూడండి.” అని, బడి పిల్లల జేబుల మీద బ్యాడ్జీలు కుట్టే మెషీన్‌కి ఉన్న కంప్యూటర్ ఊడదీసి నా ముందు పెట్టింది. నూట ఇరవై జేబులు కుట్టాల్సినవి ఆగిపోయాయి. దాన్ని తీసుకెళ్ళి మెట్ల కింద మూల పెట్టాం. అక్కడ సిగ్నల్ సరిగ్గా అందదు, ఫోన్ మాట్లాడితే సగం సగం వినపడుతుంది. తన పాత ఫోన్ ద్వారా దాన్ని కలిపి, ఇక్కడి నుంచి నీ నమూనా ఫైలు రప్పించాను.

యాభై ఆరు.

మళ్ళీ నడిపాను. యాభై ఆరు. పక్కన చాప మీద కూర్చుండిపోయాను. మీ పిన్ని కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది. ఓడిపోయింది, ఓడిపోయింది అంటుంటే, ఓడిపోతే ఆ నవ్వేమిటి అంది.

ఇప్పుడు అర్థమైంది విను. దూరాన ప్రోగ్రాం ముగిసిందన్న కబురు ఒక దారిన వస్తుంది. అది చెప్పిన వరసలు మూటలు మూటలుగా వేరే దారిన వస్తాయి. నీ ఫైల్లో మొదటి మూటలో సరిగ్గా యాభై ఆరు వరసలు పడుతున్నాయి. మిగతా నలభై వరసలూ రెండో మూటలో దారిలో ఉండగానే, ముగిసిందన్న కబురు ముందు చేరిపోతుంది. నేను ఫైలు మూసేస్తున్నాను. ఇరవై ఏళ్ళ కిందట నేను రాసిన ఒక్క వరస ఆ పని చేస్తోంది. ఇన్‌స్టిట్యూట్ లైన్లు వేగమైనవి, ఇప్పుడు నా మెషీన్ నుంచి నా మెషీన్‌కి రెండూ ఒక్కసారే వస్తాయి గనక నాకు ఏనాడూ కనపడలేదు. నీ ఫైల్లో రోజూ మధ్యాహ్నం రెండు దగ్గరే ఆగుతున్నది మూట కొలతవల్ల. మీటరు మామవల్ల కాదు.

గడియారం చూసి ఆగకూడదు. వరసలు వచ్చే దారి కూడా “ఇక లేవు” అని చెప్పేవరకూ ఆగాలి. అది నువ్వు రాయి. నేను రాస్తే మళ్ళీ నా మెషీన్‌కే రాస్తాను.

బాబాయి

ఇది నేను, పిన్నిని. జేబుల సంగతి చూసుకుంటాను, నువ్వు కడుపునిండా తింటున్నావా లేదా?


మూడో అంతస్తు గది
17, సోమవారం

బాబాయ్,

తింటున్నానని పిన్నికి చెప్పు. ఇవాళ రెండుసార్లు తిన్నాను.

నీ ఉత్తరంలో “యాభై ఆరు” దగ్గరికి వచ్చి ఆగిపోయాను. పద్నాలుగు రోజులుగా ఆ అంకె నాకొక్కదానికే కనపడుతోంది. నాకే మతి పోయిందా, నిద్రలో నేనే కోశానా అని కూడా అనుకున్నాను. అదే అంకె నీ మెట్ల కింద కూడా వచ్చిందని చదివేసరికి, మెట్లు దిగి కింద జిరాక్స్ షాపు ఆయన బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆయన ఫ్యాను నా వైపు తిప్పాడు. తర్వాత తన పాత మెషీన్ వాడుకోమన్నాడు. ఇక చెప్పబోయేదంతా ఆ మెషీన్ మీద చేసిందే.

ముందు పరీక్ష రాశాను. నాకిదే మొదటిది. ఒక చిన్న ప్రోగ్రాం దూరపు ప్రోగ్రాంలా నటిస్తుందన్నమాట. ముగిశానని ముందే కబురు పంపి, చివరి మూట కావాలని ఆలస్యంగా పంపుతుంది. ఇప్పుడిక మెట్ల కింద మూల అక్కర్లేదు, ఎవరి మెషీన్‌లో అయినా ఓడిపోతుంది. తర్వాత సవరణ. మొదటి ప్రయత్నానికి ఎడిటర్ మొత్తం కొయ్యబారిపోయింది. “ఇక లేవు” అనే మాట ఎప్పటికీ రాకపోతే ఏం చెయ్యాలో రాయలేదు నేను. లైనే తెగిపోతే అది రాదు కదా. అప్పుడు ఫైలు మూసి, సగమే వచ్చిందని గట్టిగా చెప్పేలా చేశాను. నోరు మూసుకుని “అయిపోయింది” అనడం మాత్రం ఇక కుదరదు. మొత్తం ఇరవై ఆరు వరసలు. చర్చా పేజీకి పంపాను, చూడు.

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను.

ఆ పదకొండు రోజులూ నా ఆఫీసు మెషీన్‌లో నా సవరణ ఉంది. అర సెకనుది. నువ్వు తీసుకోకపోతే ఏం, నాకు నేను పెట్టుకుంటానని ఎనిమిది నెలల కిందటే పెట్టేసుకున్నాను. ఏడు నెలలు బ్రహ్మాండంగా పనిచేసింది. నేనే గొప్ప అనుకుని వరసలు లెక్కపెట్టడం మానేశాను. పోయిన నెల కొండ దారిలో రోడ్డు తవ్వి, తీగ తెగి, పంపు హౌసుకి సన్నటి లైను తాత్కాలికంగా వేశారు. దానికి అర సెకను చాలలేదు. “ఇంకో చోట ఇంకో లైనుకి?” అని నువ్వు రాసింది చదవగానే నాకు సంగతి అర్థమైపోయింది. అయినా ఆ తర్వాతి ఉత్తరంలో, నా సవరణ తీసుకుని ఉంటే ఇదంతా ఉండేది కాదని రాశాను. అది అబద్ధం. తీసుకుని ఉంటే ఈ పాటికి ఇంకా ఎందరి ఫైళ్ళో కోసుకుపోయేవి, అందరూ నా వల్ల లెక్కపెట్టడం మానేసి ఉండేవాళ్ళు.

విచారణలో ఈ సంగతి చెప్పాలా? చెప్పకపోతే తప్పంతా షెల్‌ది అవుతుంది, నేను గట్టెక్కుతాను. చెబితే ఆఫీసరు పట్టుకుంటాడు, ఎవరూ అడక్కుండా ఏదో మార్చి పెట్టానని. రెండు రోజుల నుంచి అటూ ఇటూ ఊగుతున్నాను. నువ్వేమంటావు?

నన్ను తిట్టాలనుకుంటే ఇదే సమయం. నువ్వు తిడితే పడతాను, ఒక్కసారికి.

కందిరీగ


కుట్టు దుకాణం వెనక గది
19, బుధవారం

కందిరీగా,

తిట్టను. ఇద్దరం ఒకే పని చేశాం. నేను నా మెషీన్ ఒక్కటే చూసి లోకమంతా ఇంతే అనుకున్నాను, నువ్వు నీ లైను ఒక్కటే చూసి అనుకున్నావు. నాకు ఇరవై ఏళ్ళు పట్టింది, నీకు ఎనిమిది నెలలు. ఆ లెక్కన నువ్వే నయం.

నీ పరీక్ష నడిపాను. సవరణ లేకుండా ఓడిపోయింది, పెట్టాక నెగ్గింది. మెట్ల కింద మూల నుంచి మూడు వందలసార్లు నడిపాను, మూడు వందలసార్లూ తొంభై ఆరు. మీ పిన్ని మధ్యలో ఫోన్ తీసేసింది, లైను తెగితే ఏమవుతుందో చూద్దామని. సగమే వచ్చిందని గట్టిగానే చెప్పింది. “మీ షెల్‌కి నోరొచ్చింది, పోలిక తెలుస్తోంది” అంది. ఇందాకే షెల్లోకి తీసుకున్నాను. నీ పేరుతో.

విచారణవాళ్ళకి నేను రాసిన కాగితం దీనితో పంపుతున్నాను. తప్పు ఇరవై ఏళ్ళుగా షెల్లో ఉందని, నువ్వు ఎనిమిది నెలల కిందటే చెప్పావని, నేను సరిగ్గా పరీక్షించకుండా మూసేశానని, ఎలా పరీక్షించానో దాచకుండా రాశాను. మొదట ఆ వాక్యం మర్యాదగా తిప్పి రాశాను. మీ పిన్ని చదివి, ఇందులో ఏం తప్పు చేశారో నాకే అర్థం కావడం లేదు, ఆఫీసరుకేం అర్థమవుతుంది అంది. తిరిగి రాశాను.

అర సెకను సంగతి మాత్రం నా కాగితంలో లేదు. అది నీది. నీ నోటితో నువ్వే చెప్పు, వాళ్ళు అడిగేదాకా ఆగకు. దాచి గట్టెక్కితే రేపటి నుంచి ప్రతి ఫైలు పంపేటప్పుడూ నీకు అదే గుర్తుకొస్తుంది. రెండేళ్ళు దాచినవాణ్ణి చెబుతున్నాను.

ఇంకో మాట. నిన్న చర్చా పేజీలో రాసేశాను, ఈ నెలాఖరుతో షెల్ బాధ్యత వదులుకుంటున్నానని. మూసేసిన ఏడు ఫిర్యాదులూ మళ్ళీ తెరిచాను, వాళ్ళకి క్షమాపణ చెప్పాను. ఒక్క మెషీన్‌తో కూర్చున్న మనిషి గుమ్మంలో కాపలా ఉండకూడదు. తర్వాత ఎవరంటే నీ పేరు చెప్పాను. ఎవరూ కాదనలేదు.

సోమవారం భయపడకు. భయపడినా నెమ్మదిగా మాట్లాడు.

బాబాయి


మూడో అంతస్తు గది
25, మంగళవారం

బాబాయ్,

నెమ్మదిగా మాట్లాడాను. నువ్వు చూస్తే గుర్తుపట్టేవాడివి కాదు.

బల్లకి అటువైపు ముగ్గురు. మా ఆఫీసరు, వరసలు పోయాయని పట్టుకున్న పై ఆఫీసావిడ, ఒక పెద్ద ఇంజినీరు. మీటరు మామ తలుపు దగ్గర నిలబడ్డాడు, కుర్చీ వేస్తే కూర్చోనన్నాడు. నీ కాగితం ఆవిడ పైకి చదివింది. నీ మెషీన్ నుంచి నీ మెషీన్‌కే పంపుకున్న చోట పెద్ద ఇంజినీరు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన కూడా ఎప్పుడో అలాంటిది చేసే ఉంటాడు, ఆ మొహం చూస్తే తెలిసింది.

కాగితం అయ్యాక నేను లేచి అర సెకను సంగతి చెప్పాను. ఎవరూ అడగలేదు. ఆఫీసరు పట్టుకుంటాడనుకున్నట్టే పట్టుకున్నాడు, అంటే నీ తప్పు కూడా ఉందన్నమాట అన్నాడు. ఉందండి, అంచనా వేసి నమ్మాను, లెక్కపెట్టలేదు అన్నాను. 

ఆవిడ మాత్రం చూపించమంది. నా మెషీన్ తెప్పించారు. కొండ మీదికి అదే సన్నటి లైను ఇంకా ఉంది, అదొక్కటే నా అదృష్టం. పాత షెల్‌తో ముందు రోజు వరసలు రప్పించాను. యాభై ఆరు. కొత్తదానితో రప్పించాను. తొంభై ఆరు. ఆఫీసరు లేచొచ్చి పెన్ను మొనతో తెర మీద ఒక్కో వరసా లెక్కపెట్టాడు. మళ్ళీ నడుపు అన్నాడు. నడిపాను. ఏడుసార్లు నడిపించాడు, ఏడుసార్లూ లెక్కపెట్టాడు. ఏడోసారి అరవై దాటాక ఆవిడ అంది, “చాలండి, మాకు లంచ్ ఉంది.”

అప్పుడు మీటరు మామ కూర్చున్నాడు.

తీర్పు ఇవాళ వచ్చింది. నీళ్ళ లెక్కలు మార్చారన్న ఆరోపణ ఇద్దరి మీదా కొట్టేశారు. ఆ మాటే రాశారు, “నిరాధారం” అని. ఆఫీసు మెషీన్‌లో చెప్పకుండా మార్పు చేసినందుకు నాకు ఒక హెచ్చరిక. ఇక మీద పంపే ప్రతి ఫైలు పైనా ఎన్ని వరసలు ఉండాలో, ఎన్ని ఉన్నాయో రాసి సంతకం పెట్టాలట. అది నేనే అడిగి పెట్టించుకున్నాను. రేపు తొమ్మిదింటికి రమ్మన్నారు. మీటరు మామ గేటు దాకా నాతో నడిచొచ్చాడు. గేటు దగ్గర, “నీ షెల్ రాసినాయన ఎలాంటివాడు?” అని అడిగాడు. మొండివాడన్నాను. “పోనీలే, ఒప్పుకున్నాడు” అని బస్సెక్కాడు. గదికొచ్చి తలుపు వేసుకుని, చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద పడి రెండు గంటలు నిద్రపోయాను. మూడు వారాల్లో మొదటిసారి.

ఇక నీ సంగతి.

నన్నడక్కుండా నా పేరు చెప్పావు. మళ్ళీ అదే పని చేశావు చూడు. నువ్వొక్కడివే కూర్చుని అనుకుని, లోకమంతా ఒప్పుకుందని రాసేశావు. నేను ఒప్పుకోలేదు. నా ఇరవై ఆరు వరసల్లో లైను తెగిన సందర్భం నాకు తట్టిందే కొయ్యబారాక. పిన్ని చూసి ఫోన్ పీకింది. నువ్వు మూడు వందలసార్లు నడిపావు. ఒక్కరు చూస్తే ఇందులో సగం కూడా బయటపడేది కాదు. నిన్ను గుమ్మంలోంచి లేపి నన్నొక్కదాన్నే కూర్చోబెడితే, ఎనిమిది నెలలకో ఎనిమిదేళ్ళకో నేను కూడా ఎవరో పిల్లకి నాలుగు మాటలు రాసి మూసేస్తాను. నా కోపం నీకు తెలుసు, రెండు మాటలే రాస్తానేమో.

అందుకని వినండి, ఈసారి కోపంతో కాదు, అధికారికంగా “మీరు” అంటున్నాను. చర్చా పేజీలో రాసిన రాజీనామా వెనక్కి తీసుకోవాలి. షెల్ బాధ్యత ఇద్దరిది అని రాయాలి. ఏ సవరణ అయినా ఒకరు చూసి ఇంకొకరు నడిపాకే లోపలికి రావాలి. మెషీన్ లేదన్న మాట ఇక కుదరదు. కొండ మీది పంపు హౌసులో మూలన పడేసిన పాత మెషీన్ పరీక్షలకి వాడుకోవచ్చని పెద్ద ఇంజినీరు కాగితం మీద సంతకం చేసి ఇచ్చాడు. దానికి చేరే దారి, తాళం మాట ఈ కాగితం వెనక రాశాను. ఆ ఏడు ఫిర్యాదుల్లో మూడు నేను తీసుకున్నాను, నాలుగు నీకు. నా మూడింటిలో చివరిది, దూరాన వచ్చిన తప్పుల మాటలు మంచి వరసల్లో కలిసి ఒకే ఫైల్లో పడుతున్నాయన్నది. దానికి నేను రాసిన పరీక్ష నిన్న సాయంత్రం నా దగ్గర ఓడిపోయింది. నువ్వు నడిపి చూడాలి.

నెలాఖరు దగ్గరికొచ్చింది. శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా పేజీలో నీ జవాబు కనపడాలి.

కందిరీగ